వస్తాదు ఉన్నచోటే కత్తిసాము

మన కామసముద్రం వైపు పల్లెలలో ఫెన్సింగ్ అన్న మాటకు అర్థం ఒక్కటే. అది ఏనుగులను ఆపే కంచె. కౌండిన్య అడవి నుండి గుంపు దిగివచ్చి రాగి చేనునో టమాటా తోటనో ఒక్క రాత్రిలో తొక్కివేస్తే, తెల్లవారగానే రైతు నోట వచ్చే మొదటి మాట "ఫెన్సింగ్ ఎప్పుడు వేస్తారు?" అన్నదే. కాబట్టి ఏ పాఠశాల నుండో బిడ్డ వచ్చి "నేను ఫెన్సింగ్‌లో చేరతానమ్మా" అంటే ఆ తల్లి తెల్లబోవడంలో వింత లేదు.

ఇది వేరొక ఫెన్సింగ్. ముఖానికి జాలి తొడుగు, ఒంటికి తెల్లని దుస్తులు, చేతిలో మొనదేలని సన్నని కత్తి పట్టుకొని ఇద్దరు ఎదురెదురుగా ఆడే ఆట. దీనికి మన భాషలో చక్కని మాట ఉండనే ఉన్నది: కత్తిసాము. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్ మొదలు నేటివరకు ఒక్కసారి కూడ తప్పిపోకుండా వస్తున్న కొద్దిపాటి క్రీడలలో ఇది ఒకటి. ఆ ఒలింపిక్స్‌లో కత్తి పట్టిన తొలి భారతీయురాలు ఒక తెలుగు కుటుంబపు బిడ్డ. ఆమె కథ చెప్పుకొనుటకు ముందు, మన ప్రాంతపు వారికి తెలిసిన ఇంకొక సంగతి గుర్తుచేయవలసి ఉన్నది.

సాము, గరిడి, వస్తాదు అన్న మూడు మాటలు మన పెద్దలకు కొత్తవి కావు. గరిడి అంటే సాము చేసే చోటు. కన్నడిగులు దానినే గరడి మనె అంటారు. వస్తాదు అంటే అక్కడ నేర్పే గురువు, ఉరుదూలోని ఉస్తాద్ మనవారి నోట అలా మారినది. దసరాకో పీర్ల పండుగకో వీధిలో కర్ర తిప్పే యువకులను చూసి ముచ్చటపడని ఊరు లేదు. మైసూరు దసరాలో నేటికీ జరిగే వజ్రముష్టి పోరులో దిగే జెట్టీల పూర్వులు తెలుగువారని పాత గ్రంథాలు చెబుతున్నవి. ఆ విద్య పుస్తకాలలో లేదు, తండ్రి చేతి నుండి కొడుకు చేతికి వచ్చినది.

గరిడి బ్రతుకంతా వస్తాదు మీదనే ఆధారపడి ఉంటుంది. ఆయన ఉన్నన్నాళ్ళు తెల్లవారుజామున పిల్లలు మట్టిలో దిగుతారు. ఆయన పోతే ఏడాది తిరగకముందే ఆ గది చింతపండు బస్తాలకో ఎరువుల మూటలకో చేరుతుంది. గదలు, కర్రలు మూల ఉండనే ఉంటవి, పట్టించేవాడే ఉండడు. మన బంగారు గనుల సీమలో ఈ సంగతి మరింత సులభంగా బోధపడుతుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత ఎన్నో కుటుంబాలు తరలిపోయినవి. ఉన్నవారిలో వేలమంది చీకటితో మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రి పొద్దుపోయి తిరిగివస్తున్నారు. అటువంటి తండ్రికి బిడ్డ చేతికి కర్ర ఇచ్చి నిలబెట్టే తీరిక ఎక్కడిది?

ఫెన్సింగ్ కథ కూడ ఇదే. కత్తులు, కరెంటు పెట్టెలు, హాళ్ళు ఎన్ని ఉన్నా, ఒక గురువు వచ్చి ఊరిలో స్థిరపడనిదే ఈ ఆట ఎక్కడా వేరూనలేదు.

ముందుగా ఆట ఏమిటో చూద్దాం. ఇందులో మూడు రకాల కత్తులు ఉన్నవి: ఫాయిల్, ఎపీ, సేబర్. ఫాయిల్ తేలికైనది, 500 గ్రాములకు మించకూడదు. దీనితో ప్రత్యర్థి మొండెమును మాత్రమే, అదీ కత్తి కొనతో మాత్రమే తాకవలెను. ఎపీ కొంత బరువైనది, 770 గ్రాముల వరకు ఉండవచ్చును. దీనితో తల నుండి కాలి బొటనవ్రేలి వరకు ఎక్కడ తాకినా పాయింటే. ఇద్దరూ ఒకేసారి తాకితే ఇద్దరికీ ఇస్తారు. సేబర్ గుర్రపు రౌతుల కత్తి వంశానికి చెందినది. నడుము పైభాగమంతా, తల, చేతులతో సహా దానికి లక్ష్యమే. కొనతోనే కాక అంచుతో కూడ కొట్టవచ్చును.

ఆడే బాటను పీస్ట్ అంటారు. పొడవు 14 మీటర్లు, వెడల్పు మీటరున్నర నుండి రెండు మీటర్లు. మన పల్లె బడి వసారా అంతే అనుకోండి. తొలి దశ ఆటలు 5 పాయింట్లకు, ఓడితే ఇంటిదారి పట్టవలసిన ఆటలు 15 పాయింట్లకు జరుగుతవి. సేబర్‌లో ఒకరు 8 పాయింట్లు చేరగానే ఒక నిమిషం విరామం ఇస్తారు.

చూసేవారికి అర్థం కాక చిరాకు పుట్టించేది ఒక్కటే. ఫాయిల్, సేబర్ ఆటలలో రెండు దీపాలు ఒకేసారి వెలిగినా పాయింటు ఒక్కరికే దక్కుతుంది. దాడిని ముందుగా ఆరంభించినవారికి హక్కు. ఎదుటివారు ఆ కత్తిని తమ కత్తితో అడ్డుకొని తోసివేస్తే హక్కు వారికి మారుతుంది. అంటే అది మాటకు మాట చెప్పుకొనే వాదం వంటిది. అవతలివారి మాటకు జవాబు చెప్పకుండా నీ మాట ఎంత గట్టిగా అరిచినా లెక్కలోకి రాదు. ఇదంతా కనురెప్ప పాటులో జరుగుతుంది గనుక రిఫరీ కన్ను, ఆటగాని మెదడు రెండూ చురుకుగా ఉండవలెను. ఈ ఆటను పరుగెత్తుతూ ఆడే చదరంగమని అనడం అందుకే.

పూర్వం తాకినదీ లేనిదీ నలుగురు న్యాయనిర్ణేతలు కంటితో చూసి చెప్పేవారు. తగాదాలకు కొదువ ఉండేది కాదు. మన గనులకు శివసముద్రం నుండి కరెంటు 1902లోనే వచ్చినది. కత్తికి కరెంటు తగులుకొనుటకు మాత్రం చాలాకాలం పట్టినది. ఒలింపిక్స్‌లో ఎపీకి 1936లో, ఫాయిల్‌కు 1956లో, సేబర్‌కు 1992లో విద్యుత్ పరికరం వచ్చినది. ఆటగాని వీపు వెనుక తోకవలె కనిపించే తీగ అందుకోసమే.

కత్తి అనగానే తల్లులకు భయం కలుగుట సహజం. ఒక దుర్ఘటన జరిగిన మాట వాస్తవమే. 1982లో రోమ్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో ఎదుటివాని కత్తి విరిగి, ముసుగు జాలిలో నుండి దూసుకుపోయి, ఒలింపిక్ విజేత వ్లాదిమిర్ స్మిర్నోవ్ మరణించారు. ఆ తరువాత కత్తుల ఉక్కు, ముసుగుల జాలి, దుస్తుల గుడ్డ అన్నిటికీ నిబంధనలు పూర్తిగా మార్చినారు. నేడు నియమం ప్రకారం ఆడే చోట పిల్లలకు తగిలేవి చాలావరకు మడమ బెణుకులు, తొడ పట్టివేతలే. ముసుగు లేకుండా పిల్లలను ఎదురెదురుగా నిలిపే చోట మాత్రం ఒక్క నిమిషం కూడ ఉంచవద్దు.

ఇక గురువుల సంగతి. 1896 ఒలింపిక్స్ డబ్బు తీసుకొనని ఔత్సాహికులకే పరిమితం. దానికి ఒకే ఒక మినహాయింపు ఇచ్చినారు. అది కత్తిసాము నేర్పి బ్రతికే గురువులకు. వారికోసం ప్రత్యేకంగా ఒక ఫాయిల్ పోటీ పెట్టగా, లియోనిదాస్ పిర్గోస్ అనే గ్రీకు వస్తాదు ఫ్రెంచి గురువు పెరోనేను ఓడించినారు. ఆధునిక ఒలింపిక్స్‌లో గ్రీసు దేశపు తొలి విజేత ఆయనే. నేర్పేవారిని కూడ బరిలోకి పిలిచి గౌరవించిన ఆట ఇది.

ఆ సంవత్సరమే ఇటాలో సాంతెల్లి అనే ఇటలీ దేశస్థుడు హంగరీ రాజధాని బుడాపెస్ట్ చేరి అక్కడే స్థిరపడినారు. ఆయన నేర్పిన సేబర్ పద్ధతి ఆ దేశపు చేతివాటంగా మారిపోయినది. 1908 నుండి 1964 వరకు జరిగిన ఒలింపిక్స్‌లో పురుషుల వ్యక్తిగత సేబర్ స్వర్ణం 1920లో తప్ప ప్రతిసారీ హంగరీవారికే దక్కినది. 1920లో హంగరీకి ఆహ్వానమే లేదు. ఒక్క మనిషి రైలు దిగినందుకు అర్ధ శతాబ్దపు ఫలం!

ఆ 1920లో సేబర్ స్వర్ణం గెలిచిన నెదో నాదిది ఇటలీలోని లివోర్నో. ఆయనకు ఆ ఒక్క ఒలింపిక్స్‌లోనే 5 స్వర్ణాలు వచ్చినవి. గురువు తండ్రి బెప్పె నాదియే. ఎపీ క్రమశిక్షణ లేని కత్తియని ఆ తండ్రి దానిని తన శాలలో ముట్టనిచ్చేవారు కాదట. కొడుకులు చాటుగా నేర్చుకున్నారని చెబుతారు. లివోర్నో పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆసియాలో జపాన్‌ను చూడండి. ఎన్నో ఏళ్ళుగా ఆడుతున్నా ఒలింపిక్ పతకం లేదు. 2003లో ఉక్రెయిన్ దేశపు శిక్షకుడు ఓలెగ్ మత్సెయ్‌చుక్‌ను రప్పించుకున్నారు. 2008 బీజింగ్‌లో యూకి ఓటా రజతం గెలిచినాడు. మధ్యలో ఐదేళ్ళు మాత్రమే.

మనదేశంలో భారత ఫెన్సింగ్ సంఘం 1974లో ఏర్పడినది. కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ గుర్తింపు 1997లో వచ్చినది. ఆ మధ్య ఇరవై మూడేళ్ళు ఈ ఆటను బ్రతికించినవారు పేరూ డబ్బూ ఆశించని కొద్దిమంది ఆటగాళ్ళు, గురువులే.

ఇప్పుడు మన తెలుగు బిడ్డ కథ. చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీదేవి కుటుంబం మూలం తూర్పు గోదావరి సీమలోని సామర్లకోట. తండ్రి ఆలయ అర్చకులు, తల్లి రమణి గృహిణి. భవాని పుట్టినది 1993 ఆగస్టు 27న చెన్నైలో. 2004లో ఆరవ తరగతికి మురుగ ధనుష్కోటి బాలికల పాఠశాలలో చేరినది. అక్కడ కొన్ని ఆటలలో ఒకటి ఎంచుకోమన్నారు. ఒక్కొక్క ఆటకు ఇంతమంది అని లెక్క. ఆమె వంతు వచ్చేసరికి తక్కినవన్నీ నిండిపోయి ఫెన్సింగ్ ఒక్కటే మిగిలినది. ఖర్చుతో కూడిన ఆట, మీ నాన్నగారి ఆదాయమెంత అని అడిగితే, ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పినానని ఆమెయే తరువాత చెప్పుకున్నది. మహిళల సేబర్ ఒలింపిక్స్‌లోకి మొదటిసారిగా వచ్చినది కూడ ఆ 2004లోనే.

అసలు కత్తులు విరిగితే మళ్ళీ కొనలేరు. కాబట్టి రోజూ సాధనకు వెదురు బెత్తాలు, పోటీ నాడు మాత్రమే ఉక్కు కత్తి. మన గరిడిలో కర్రతో మొదలుపెట్టించే పద్ధతి గుర్తుకు రావడం లేదూ? పధ్నాలుగేళ్ళ వయసులో తొలి విదేశీ పోటీకి టర్కీ వెళ్ళినది. బరి దగ్గరకు మూడు నిమిషాలు ఆలస్యంగా చేరినందుకు నల్లకార్డు చూపి పోటీ నుండి తొలగించినారు. అంత దూరం పోయి ఒక్క దెబ్బ కూడ వేయకుండా తిరిగిరావడం! ఇంట్లో తల్లి నగలు తాకట్టు పెట్టిన రోజులవి. ఎందరో తల్లిదండ్రులు అక్కడితో చాలునని అనేవారు.

వారు అనలేదు. పదవ తరగతి తరువాత బిడ్డను కేరళలోని తలశ్శేరికి, భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రానికి పంపినారు. తలశ్శేరి చిత్రమైన ఊరు. కీలేరి కుంజికన్నన్ అనే గురువు ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అక్కడ సర్కసు విద్య నేర్పుటకు పూనుకొనగా, దేశమంతటి సర్కసులకు ఆ ఊరే పుట్టినిల్లయినది. ఆ ఊరిలోనే శిక్షకుడు సాగర్ లాగూ దగ్గర భవాని కత్తి పదును తేలినది. 2009లో మలేషియాలో జరిగిన కామన్వెల్త్ పోటీలలో కాంస్యం వచ్చినది.

ఆ తరువాత తలశ్శేరి కూడ చాలలేదు. తన మీదికి వచ్చే కత్తి తనకంటె వేగమైనది కాకపోతే ఆటగాని చేయి ఎదగదు. ఆమె చేరినది లివోర్నో, నాది కుటుంబపు లివోర్నోయే. అక్కడ నికోలా జనోట్టి గురువు. విదేశంలో ఉండి నేర్చుకొనుటకు డబ్బు కావలెను. తమిళనాడు ప్రభుత్వం సాయపడినది. 2015లో బెంగళూరుకు చెందిన గోస్పోర్ట్స్ ఫౌండేషన్ రాహుల్ ద్రావిడ్ పేరిట నడిపే పథకంలో ఆమెను చేర్చుకున్నది. 2017లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో శాటిలైట్ ప్రపంచకప్ స్వర్ణం, 2018లో కాన్‌బెర్రాలో కామన్వెల్త్ స్వర్ణం వచ్చినవి. 2019లో తండ్రి మరణించారు. ఆయన చూడని రోజు 2021 మార్చిలో వచ్చినది. బుడాపెస్ట్ ప్రపంచకప్ ముగిసిన పిదప ర్యాంకు ఆధారంగా ఆమెకు టోక్యో స్థానం ఖాయమైనది. ఒలింపిక్స్‌కు అర్హత పొందిన తొలి భారత ఫెన్సర్ ఆమెయే.

2021 జూలై 26న తొలి ఆటలో ట్యునీషియా దేశపు నదియా బెన్ అజీజీని 15–3 తేడాతో ఓడించినది. తరువాతి ఆటలో ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7–15తో ఓడినది. ఆ బ్రూనే ఆ పోటీలో కాంస్యం గెలిచినది. ఆ సంవత్సరమే భవానికి అర్జున పురస్కారం ఇచ్చినారు.

ఆ ఓటమి తరువాత ఆమె చేసిన మొదటి పని గురువును మార్చడం. ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్స్ చేరి క్రిస్టియన్ బాయర్ దగ్గర సాధన ఆరంభించినది. ఇటలీ, చైనా, రష్యా దేశాల సేబర్ జట్లకు నేర్పిన వస్తాదు ఆయన. 2008లో చైనావాడైన ఝోంగ్ మాన్ ఒలింపిక్ స్వర్ణం గెలిచినది ఆయన శిక్షణలోనే. 2023 జూన్‌లో చైనాలోని వూషీలో ఆసియా పోటీలు జరిగినవి. క్వార్టర్ ఫైనల్‌లో ఎదురైనది జపాన్ క్రీడాకారిణి, ప్రపంచ విజేత మిసాకి ఎమురా. భవాని 15–10తో గెలిచినది. సెమీఫైనల్‌లో ఉజ్బెకిస్తాన్‌కు చెందిన జైనాబ్ దయిబెకోవా చేతిలో 14–15, ఒక్క పాయింటు తేడాతో ఓడి కాంస్యం తెచ్చినది. ఆసియా ఫెన్సింగ్ పోటీలలో భారత్‌కు అదే తొలి పతకం. 2024 పారిస్‌కు మాత్రం ఆమె అర్హత పొందలేకపోయినది. దానిని దాచవలసిన పని లేదు. ఈ ఆటలో పైమెట్టు అంత ఇరుకైనది.

చెన్నై, తలశ్శేరి, లివోర్నో, ఓర్లియాన్స్. ఆమె మారిన ప్రతి ఊరూ ఒక గురువు ఉన్న ఊరే. హాలు చూసి, ఊరి అందం చూసి ఎక్కడికీ పోలేదు.

మన సరిహద్దు తల్లిదండ్రులు తరచు ఆలోచించవలసినది ఇంకొకటి ఉన్నది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, అంగడిలో తమిళం మనకు. బిడ్డ ఏ రాష్ట్రం తరఫున ఆడవలెనన్న సందేహం వస్తుంది. భవాని ఇంటిపేరు చదలవాడ, ఆడినది తమిళనాడు తరఫున. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడలలో కూడ ఆ రాష్ట్రానికే స్వర్ణం తెచ్చినది. ఉద్యోగం ఇచ్చినదీ ఆ రాష్ట్ర విద్యుత్ సంస్థయే. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పిల్లలు చదివే బడి కర్ణాటకలో ఉన్నది గనుక వారి దారి కర్ణాటక జిల్లా, రాష్ట్ర ఎంపికల గుండానే పోతుంది. కుప్పంలో మేనమామ ఉన్నాడని ఆధార్ చిరునామా మార్చి రెండు వైపులా ప్రయత్నించుట పిల్లవానికే చేటు.

చేర్పించే ముందు అడగవలసినవి అడగండి. నేర్పేవారు ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు, వారంలో ఎన్ని రోజులు స్వయంగా వస్తారు? నెలకొకసారి బెంగళూరు నుండి వచ్చి ఫోటోలు తీసుకొని పోయేవారిని గురువు అనలేము. మొదటి కొన్ని నెలలు కత్తి కంటె కాలికే పని ఎక్కువ. మోకాలు వంచి ముందుకు, వెనుకకు అడుగులు వేయించుటలోనే గడుస్తుంది. ఆ దశలోనే వేల రూపాయల సామాను కొనమని ఒత్తిడి చేస్తే అనుమానించవలసినదే. మంచి కేంద్రాలలో ముసుగు, జాకెట్టు, కత్తి మొదట కేంద్రానివే ఇస్తారు. ఎడమచేతి వాటం పిల్లలను మన ఇండ్లలో కసురుతూ ఉంటాము. ఈ బరిలో వారికి అది లాభం, ఎదుటివారికి ఆ కోణం అలవాటు ఉండదు.

ధ్రువపత్రం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఊరూరా "నేషనల్" అన్న పేరుతో డబ్బు కట్టించుకొని నడిపే పోటీలు అన్ని ఆటలలో ఉన్నవి. సీటుకో ఉద్యోగానికో పనికివచ్చేది గుర్తింపు ఉన్న సమాఖ్య, లేదా పాఠశాల క్రీడా సమాఖ్య నిర్వహించిన పోటీ పత్రం మాత్రమే. డబ్బు కట్టకముందే బడిలోని వ్యాయామ ఉపాధ్యాయులను అడిగి తెలుసుకొనుట మేలు.

గురువే లేని చోట ఏమి చేయవలెను అన్న ప్రశ్న మిగులుతుంది. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఫెన్సింగ్ శిక్షకులకు డిప్లొమా ఉన్నది. డిగ్రీ చదివి, ఆట ఆడిన అనుభవం ఉన్న యువతీయువకులు దానికి దరఖాస్తు చేయవచ్చును. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటల నుండి బెంగళూరుకు రోజూ పోయివచ్చే పిల్లలలో కళాశాల స్థాయిలో కత్తి పట్టినవారు ఎవరైనా ఉంటే, వారి ఇంటివారు ఈ దారిని కూడ ఒకసారి విచారించగలరు.